చూపులు లెక్కపెట్టినవాళ్లు

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో మా వీధి చివర ఎల్ కమినో రియల్ రోడ్డెక్కి మౌంటెన్ వ్యూ, పాలో ఆల్టో దాటితే మెన్లో పార్క్ వస్తుంది. అక్కడ ఎస్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థ ఉంది. కన్ను ఎటు తిరిగిందో అతి సూక్ష్మంగా పట్టే పరికరాన్ని ఆ సంస్థలో హ్యూ క్రేన్, టామ్ కార్న్‌స్వీట్ అనే ఇద్దరు తయారుచేసి, 1973లో దాని వివరాలు ప్రచురించారు. కంటి మీద సన్నటి కాంతి పడితే అది నాలుగు చోట్ల ప్రతిఫలిస్తుంది: కార్నియా ముందు, వెనక, లోపలి కటకం ముందు, వెనక. ఈ నాలుగు ప్రతిబింబాలకు 19వ శతాబ్దపు చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే పేరే పెట్టారు. వాటిలో మొదటిదాన్నీ నాలుగోదాన్నీ కలిపి గమనిస్తే, తల పక్కకు జరిగిందా, కన్నే తిరిగిందా అన్నది విడిగా తెలిసిపోతుంది. క్రేన్, కార్న్‌స్వీట్‌ల పరికరానికి కీలకం అదే.

ఈ సిలికాన్ లోయలో చూపును కొలిచిన కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కణ్ణుంచే ఎత్తుకుంటారు. ఆ పరికరం గొప్పదే. కానీ దాని ముందు కూర్చున్న మనిషి తన పళ్ల అచ్చు పోసిన పట్టీని కరిచిపట్టుకుని, తల కదలకుండా ఉండాలి. పళ్లు రాని పసివాళ్ల దగ్గర అది పనికిరాదు. పసివాళ్ల చూపు గురించి మనకు ఈనాడు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఏ యంత్రమూ తెచ్చిపెట్టింది కాదు. మనుషులు కూర్చుని, కన్నార్పకుండా పసివాళ్ల కళ్లలోకి చూసి, లెక్కపెట్టి రాసింది. నేను రాయదలచుకున్నది వాళ్ల చరిత్ర. కొంతకాలం నేనూ ఆ పని చేశాను.

చూపు నిలవడం అన్నది మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న లెక్క. తెనాలి దగ్గర మా ఊళ్లో బాలింత గదిలోకి వచ్చిన ప్రతి పెద్దావిడా ముందు అడిగేది అదే: "చూపు నిలిచిందా?" ఉయ్యాల పైన గుడ్డ చిలకలు వేలాడదీసేవాళ్లు. అవి ఊగుతుంటే పాప కళ్లు వాటి వెంట కదులుతున్నాయో లేదో మా అమ్మమ్మ పక్కనే నిలబడి చూసేది. మూడో నెల వచ్చినా కదలకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమనేది. ఆవిడ దగ్గర గడియారం లేదు, రాసిపెట్టే పుస్తకమూ లేదు. కానీ ఏం చూడాలో ఆవిడకు తెలుసు.

గడియారం, పుస్తకం తెచ్చినవాడు రాబర్ట్ ఫాంట్జ్. ఆయన పనిచేసింది ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో, వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో. అంతకుముందు కోడిపిల్లల మీద పనిచేశాడు: గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల మొదటగా ఏ ఆకారాన్ని పొడుస్తుందో లెక్కపెట్టేవాడు. పసిబిడ్డ పొడవలేదు, పట్టుకోలేదు, చెప్పలేదు. కానీ చూడగలదు. అందుకని ఒక చిన్న గది లాంటి పెట్టె కట్టించి, అందులో బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, పైన రెండు బొమ్మలు పెట్టాడు. పై కప్పులో ఒక చిన్న రంధ్రం. దాన్లోంచి మనిషి కిందికి చూస్తాడు. బిడ్డ కంటిపాప మీద ఏ బొమ్మ ప్రతిబింబం కనిపిస్తే బిడ్డ ఆ బొమ్మను చూస్తున్నట్టు. అలా ఎన్ని సెకన్లు చూసిందో రాసుకుంటాడు. పద్ధతి అంతే.

అంత తేలికైన పద్ధతితో వచ్చిన ఫలితం మాత్రం పెద్దది. అప్పటికి పసిబిడ్డకు ప్రపంచమంతా కలగాపులగమేనని నమ్మేవాళ్లు. విలియం జేమ్స్ 1890లో అలాగే రాశాడు. ఫాంట్జ్ 1963లో ప్రచురించిన లెక్కల్లో పుట్టి అయిదు రోజులైనా నిండని శిశువులున్నారు. వాళ్లు ఎరుపు, పసుపు, తెలుపు రంగుల ఉత్త బిళ్లల కంటే మనిషి ముఖం బొమ్మను, వలయాలను, చివరికి వార్తాపత్రిక ముక్కను కూడా ఎక్కువసేపు చూశారు. మరుసటి ఏడాది ఇంకో మాట తేల్చాడు. ఒకే బొమ్మను ఒక్కో నిమిషం చొప్పున పదిసార్లు చూపిస్తే, రెండు నెలలు దాటిన పిల్లలు క్రమంగా దాన్ని వదిలేసి కొత్త బొమ్మ వైపు తిరిగారు. అంటే పాతదాన్ని గుర్తుపెట్టుకున్నారన్నమాట. పిల్లలు అంకెలను, వస్తువులను, మాటలను ఎలా గ్రహిస్తారో తర్వాతి 60 ఏళ్లలో బయటపెట్టిన ప్రయోగాల్లో చాలావాటికి పునాది ఈ పదిసార్లు చూపించడమే. ఆ రంధ్రం దగ్గర కూర్చున్నవాళ్ల ఓపికను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవంతో తల వంగుతుంది.

తర్వాత ఫిల్ము వచ్చింది. 1966లో యేల్‌లో సాలపాటెక్, కెస్సెన్ అనే ఇద్దరు, కంటికి కనిపించని పరారుణ కాంతిలో నవజాత శిశువుల కళ్లను ఫొటోలు తీశారు. త్రిభుజం చూపిస్తే ఆ పిల్లల్లో చాలామంది మొత్తం ఆకారాన్ని చుట్టి రాలేదు, ఒక మూల దగ్గరే చూపు ఆనించి ఉండిపోయారు. పదేళ్ల తర్వాత డాఫ్నీ మౌరర్‌తో కలిసి సాలపాటెక్ చేసిన పనిలో, నెల పిల్లలు ముఖాన్ని చూసేటప్పుడు జుట్టు, గడ్డం లాంటి బయటి అంచులనే ఎక్కువ చూస్తారనీ, రెండో నెలకు కళ్ల మీదికి వస్తారనీ తేలింది. మా అమ్మమ్మ ఉయ్యాల పక్కన నిలబడి కనిపెట్టుకుని ఉన్న మార్పు సరిగ్గా ఆ రోజుల్లోదే. ఆ ఫిల్ములను కూడా తర్వాత ఎవరో కూర్చుని ఒక్కో బొమ్మా కొలవాల్సిందే.

అదే 1966లో మాకు పది మైళ్ల దూరంలో స్టాన్‌ఫర్డ్ ఆవరణలో బింగ్ నర్సరీ స్కూలు తెరిచారు. పిల్లలకు తెలియకుండా చూసేందుకు ఒకవైపు మాత్రమే కనిపించే అద్దాలు అమర్చి కట్టిన బడి అది. వాల్టర్ మిషెల్ పిల్లల ముందు మిఠాయి పెట్టి, నేను తిరిగొచ్చేదాకా ఆగితే రెండు ఇస్తాను అన్న ప్రయోగం చేసింది అక్కడే. దాన్ని సంకల్పబలానికి పరీక్షగా చెప్పుకోవడం లోకానికి అలవాటైపోయింది. 1972 నాటి ఆయన పత్రం పేరులో ఉన్నది మాత్రం ధ్యాస. మిఠాయి కళ్లెదుట లేనప్పుడు, ధ్యాస ఇంకోదాని మీదికి పోయినప్పుడు పిల్లలు ఎక్కువసేపు ఆగగలిగారు. కొందరు చేతులతో కళ్లు మూసుకున్నారు. అలా ఆగిన పిల్లలే జీవితంలో పైకొస్తారన్న మాట చాలాకాలం చలామణి అయింది. కుటుంబ పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం బాగా పలచబడుతుందని 2018లో వేరే పరిశోధకులు చూపించారు. తల్లిదండ్రులు మొదటి మాటే గుర్తుపెట్టుకున్నారు. ఇది నన్ను బాధపెడుతుంది.

ఇక నాకు దగ్గరగా తెలిసిన పద్ధతి సంగతి. స్టాన్‌ఫర్డ్‌లో ఆన్ ఫెర్నాల్డ్ అనే శాస్త్రవేత్త పిల్లలు మాట వింటూ ఎటు చూస్తారో కొలిచే పద్ధతిని పెంచి పోషించారు. తల్లి ఒళ్లో పిల్ల. ఎదురుగా రెండు బొమ్మలు, ఒకవైపు కుక్క, ఒకవైపు పసిపాప. స్పీకర్లోంచి ఇంగ్లీషులో కుక్క ఎక్కడని అడుగుతారు. తల్లి తనకు తెలియకుండానే ఆ వైపు వంగుతుందేమోనని ఆవిడ కళ్లకు ఏమీ కనిపించని అద్దాలు పెడతారు. పిల్ల చూపు కుక్క వైపు మళ్లడానికి ఎంతసేపు పట్టిందో కొలుస్తారు. 1998లో ఆవిడ బృందం ప్రచురించిన లెక్క ప్రకారం 15 నెలల పిల్లలకు దాదాపు ఒక సెకను పట్టింది. 24 నెలలకు అందులో మూడో వంతు తగ్గిపోయింది. ఆ వయసుకు మాట పూర్తికాకముందే చూపు కదులుతోంది.

ఇంత సన్నటి తేడాను కొలిచింది యంత్రం కాదు. వీడియోను ఫ్రేములుగా విడగొట్టి మనుషులు కొలిచారు. ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నా వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఈ పద్ధతినే వాడుతున్న ఒక ప్రయోగశాలలో జీతం లేకుండా ఈ పనికి కుదిరాను. మాకిచ్చే వీడియోలో శబ్దం ఉండదు. ఏ మాట పలికారో, ఏ బొమ్మ ఎటుందో మాకు తెలియకూడదు. కనిపించేది పిల్ల ముఖం ఒక్కటే. ప్రతి ఫ్రేముకూ ఎడమ, కుడి, మధ్యలో, పక్కకు అని గుర్తు పెడుతూ పోవాలి. అయిదు నిమిషాల వీడియోకు గంట పైనే పట్టేది. అదే వీడియోలో కొంత భాగాన్ని ఇంకొకరు విడిగా చేసి ఇద్దరి లెక్కా సరిపోల్చేవారు.

ఆ పని చేస్తే కంటికి ఒక చదువు వస్తుంది. చూపు మళ్లబోయే ముందు పై రెప్ప కొద్దిగా కదులుతుంది. కంటిలోని తెల్లటి కాంతి చుక్క ఒక ఫ్రేములో గుండ్రంగా, తర్వాతి ఫ్రేములో సాగినట్టు ఉంటే చూపు బయల్దేరినట్టు. నీలికళ్ల పిల్లల వీడియోలు తొందరగా తెమిలేవి. మన పిల్లల్లాంటి నల్లకళ్లలో కంటిపాప ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మామూలు వెలుతురులో తీసిన వీడియోలో తెలియదు, కాంతి చుక్కనే నమ్ముకోవాలి. పరారుణ కాంతిలో తీస్తే ఇది తిరగబడుతుంది. గోధుమరంగు కంటిపొర ఆ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది కనుక బూడిదరంగులో తేలిపోయి, నడుమ కంటిపాప నల్లగా స్పష్టంగా నిలుస్తుంది. పరారుణ కెమెరాతో తీసిన ఒక గోధుమకళ్ల పిల్లాడి వీడియోను మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

ఫెర్నాల్డ్ బృందం ఇంకో పని చేసింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైనది అదే. విశ్వవిద్యాలయానికి పిల్లలను తీసుకురాగలిగేవాళ్లు చదువూ డబ్బూ ఉన్నవాళ్లు. అందుకని ప్రయోగశాలనే ఒక పెద్ద బండిలో అమర్చుకుని, కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఉన్న, ఆదాయాలు తక్కువైన ఊరికి వెళ్లారు. 2013లో ఫలితం వచ్చింది. 18 నెలలకే రెండు రకాల కుటుంబాల పిల్లల మధ్య మాటను పట్టే వేగంలో తేడా కనిపిస్తోంది. 24 నెలలకు అది ఆరు నెలల అంతరంగా మారింది. ఇది చదివి పేద తల్లులను తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. కానీ అదే ఏడాది అడ్రియానా వైస్లెడర్‌తో కలిసి ఫెర్నాల్డ్ స్పానిష్ మాట్లాడే తక్కువ ఆదాయపు కుటుంబాల్లోని 29 మంది పిల్లల ఇళ్లలో రోజంతా మాటలను రికార్డు చేశారు. ఒక ఇంట్లో పిల్లతో నేరుగా అన్న మాటలు 670. ఇంకో ఇంట్లో 12,000 పైన. ఇళ్లన్నీ ఒకే స్థితిలో ఉన్నవే. పెద్దవాళ్లు నేరుగా ఎక్కువ మాట్లాడిన పిల్లల చూపు మాటను త్వరగా అందుకుంది, రెండేళ్లకు వాళ్ల పదసంపద పెరిగింది. పక్కన పెద్దవాళ్లు తమలో తాము మాట్లాడుకున్న మాటలు అలా ఉపయోగపడలేదు.

పర్షియన్ డ్రైవ్‌లోని గుడిలో, ఆలివ్ అవెన్యూ లైబ్రరీలో పసిపిల్లలకు కథలు చెప్పే చోట, తెలుగు తల్లులు నన్ను తరచూ అడుగుతారు: "ఇంట్లో తెలుగే మాట్లాడితే రేపు బళ్లో వెనకబడతాడేమో అక్కా?" నేను వాళ్లకు ఈ 29 మంది పిల్లల సంగతి చెబుతాను. వాళ్ల తల్లులు మాట్లాడింది స్పానిష్. ఆ పిల్లలకు మేలు చేసింది ఇంటి భాషలో ముఖం చూసి చెప్పిన మాటే.

చెప్పక తప్పని ఇంకో సంగతి. నేను పనిచేసిన చోట ఫోన్లు ఎత్తడం కూడా మా పనే. ఫలానా అధ్యయనానికి మా పాపను తీసుకురావచ్చా అని తల్లులు ఫోన్ చేసేవారు. ఇంట్లో ఇంగ్లీషు కాక వేరే భాష ఎంతసేపు వినిపిస్తుందని మేం అడగాలి. ఒక హద్దు దాటితే, ధన్యవాదాలు, వేరే అధ్యయనం ఉంటే చెబుతాం అనాలి. ఇలాంటి హద్దులు ఈ రంగంలో చాలాచోట్ల ఉండేవి. ఒక భాష పిల్లలనే తీసుకుంటే లెక్క శుభ్రంగా వస్తుందని వాటికి కారణం. సన్నీవేల్ నుంచి ఫోన్ చేసిన తెలుగు గొంతులకు తెలుగులోనే ఆ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు గొంతు పెగిలేది కాదు. ఆ హద్దు వల్ల మన పిల్లలు ఆ లెక్కల్లోకి ఎక్కలేదు. రెండు భాషలు వినే పిల్లల కోసం 2021లో 17 ప్రయోగశాలలు కలిసి లెక్కలు ప్రచురించినప్పుడు, ఆ పిల్లలకు కూడా తల్లులు పసివాళ్లతో మాట్లాడే రాగయుక్తమైన గొంతే ఇష్టమని తేలింది. ఆ వార్త చదివి నేను ఫోన్ చేసి చెప్పినవాళ్లలో ఇద్దరి పిల్లలు అప్పటికే కాలేజీకి వచ్చేశారు.

యంత్రాలు కూడా ఈలోగా పళ్లపట్టీ వదిలించుకున్నాయి. 2000 ప్రాంతంలో శాన్ హోసేలోని ఐబీఎం ఆల్మడెన్ ప్రయోగశాలలో ఒక చక్కటి ఉపాయం వాడారు. కెమెరా పక్కనే దీపం పెడితే కంటిపాప వెలుగుతుంది, ఫ్లాష్ ఫొటోల్లో కళ్లు ఎర్రగా పడేది అందుకే. దీపాన్ని దూరంగా పెడితే కంటిపాప నల్లగా ఉంటుంది. రెండు దీపాలనూ మార్చి మార్చి వెలిగించి, ఒక బొమ్మలోంచి ఇంకోదాన్ని తీసేస్తే మిగిలేది కంటిపాపలే. తల కట్టేయక్కర్లేదు. 2001లో స్వీడన్‌లో మొదలైన టోబీ కంపెనీ ఇలాంటి కెమెరాలను కంప్యూటర్ తెరలోనే ఇమిడ్చి అమ్మింది. ఆ తెరలు చాలా శిశు ప్రయోగశాలలకు చేరాయి. తెర మీద గలగలలాడే బొమ్మను మూలమూలకూ తిప్పి, పిల్ల అటు చూసినప్పుడల్లా యంత్రానికి ఆనవాలు పట్టిస్తారు. అప్పుడు కూడా తల్లులకు ఒక మాట చెప్పేవాళ్లం: ఆ రోజు పాప కళ్లకు కాటుక పెట్టకండి, యంత్రం కాటుక నలుపునే కంటిపాప అనుకోవచ్చు.

మైకేల్ ఫ్రాంక్ అనే శాస్త్రవేత్త అలాంటి యంత్రంతోనే, 2009లో ప్రచురించిన పనిలో, మూడు, ఆరు, తొమ్మిది నెలల పిల్లలకు చార్లీ బ్రౌన్ కార్టూను చూపించాడు. మూడు నెలల పిల్లల చూపు మెరుపుల వెంట, కదలికల వెంట పోయింది. తొమ్మిది నెలలవాళ్లు ముఖాలను వెతికి పట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాదే ఆయన స్టాన్‌ఫర్డ్‌కు వచ్చాడు. చూపును పట్టి ఉంచే పని కూడా ఇక్కడ పాతదే. 1972లో సన్నీవేల్‌లోని ఆండీ కాప్స్ టావెర్న్‌లో అటారీ అనే వీడియో గేమ్ కంపెనీవాళ్లు పాంగ్ ఆట పెట్టె పెట్టారు. తెర మీద కదిలే చుక్కకు చూపు ఎలా అతుక్కుపోతుందో వాళ్లకు అప్పుడే తెలుసు. 2017లో పక్క ఊరు కూపర్టినోలోని యాపిల్, చూపును పట్టే పరికరాలు చేసే ఎస్‌ఎమ్‌ఐ అనే జర్మన్ కంపెనీని కొనేసింది. పిల్లల చూపును అర్థం చేసుకోవాలనుకునేవాళ్లూ, దాన్ని పట్టి ఉంచాలనుకునేవాళ్లూ పక్కపక్కనే ఉన్న ఊళ్లు మావి. ఈ రెండో పని గురించి తల్లిదండ్రులు ఇంకా గట్టిగా ప్రశ్నలు అడగాలని నా కోరిక.

హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి చేసిన పని ఈ కథలో తప్పక చెప్పుకోవాలి. ప్రేమ్‌నందిని సద్గుణం బృందం 2017లో వివరించిన పరికరం అర్ధగోళాకారంలో ఉంటుంది, లోపలంతా చిన్న ఎల్‌ఈడీ దీపాలు. చీకట్లో బిడ్డను అందులో పడుకోబెట్టి ఒక్కో వైపూ దీపాలు వెలిగిస్తారు. పైనుంచి పరారుణ కెమెరాలో చూస్తూ, బిడ్డ కన్ను ఆ వైపు తిరిగిందా, ఎంతసేపటికి తిరిగిందో గమనిస్తారు. ఏ వైపు చూపు లేదో చెప్పలేని బిడ్డ గురించి అలా తెలుస్తుంది. ఫాంట్జ్ పెట్టెలాగే ఇక్కడా చివరి తీర్పు చూసే మనిషిదే.

ఆటిజం విషయంలో మాత్రం యంత్రం డాక్టరు గదిలోకి వచ్చేసింది. ఆమీ క్లిన్, వారెన్ జోన్స్ అట్లాంటాలో ఏళ్ల తరబడి చేసిన పని మీద ఆధారపడిన పరికరానికి 2022లో అమెరికా ప్రభుత్వ అనుమతి దొరికింది. పిల్లలు కలిసి ఆడుకునే వీడియోలు చూపిస్తూ, చూపు ఎప్పుడెప్పుడు ఎక్కడుందో కొలుస్తుంది. 16 నుంచి 30 నెలల మధ్య ఉన్న 475 మంది పిల్లల మీద ఆరు కేంద్రాల్లో పరీక్షించి 2023లో ఫలితాలు ఇచ్చారు. నిపుణులు ఆటిజం ఉందన్న పిల్లల్లో నూటికి 71 మందిని అది పట్టింది. లేదన్నవాళ్లలో నూటికి సుమారు 81 మందికి లేదనే చెప్పింది. నిపుణుల కోసం నెలల తరబడి ఎదురుచూసే కుటుంబాలకు ఇది పెద్ద సాయం. కానీ నూటికి పట్టని ఆ 29 మందిని కూడా గుర్తుపెట్టుకోవాలి. పాప మన కళ్లలోకి చూడటం లేదని తల్లికి అనిపిస్తే, యంత్రం ఏం చెప్పినా డాక్టరును మళ్లీ కలవాలి.

ఇప్పుడు నేను చేస్తున్న పని తెలుగు వాక్యాల జాబితా తయారుచేయడం, రేపు ఎవరైనా తెలుగు పిల్లలతో ఈ ప్రయోగం చేయాలనుకుంటే పనికొస్తుందని. ఇంగ్లీషు ప్రశ్నలో వస్తువు పేరు చివర వస్తుంది, అప్పటికి పిల్ల సిద్ధంగా ఉంటుంది. "కుక్క ఎక్కడుంది?" అంటే పేరు మొదటే వచ్చి పోతుంది. పైగా "కుక్కేదీ?" అన్నప్పుడు మాట ఎక్కడ ఆగిందో 33 మిల్లీసెకన్ల ఫ్రేముల్లో కోయడం కష్టం. తల్లులు దీనికి ఎప్పుడో దారి చూపించారు: పిల్లలతో "ఏదీ... ఏదీ... కుక్క?" అనే అంటారు. నేను ఆ వరసే తీసుకున్నాను.

చిక్కు పేర్ల దగ్గర వస్తోంది. "బంతి" అని అడిగితే సన్నీవేల్ పిల్ల తెల్లమొహం వేస్తుంది, ఆ ఇంట్లో అది "బాల్". కరీంనగర్ నుంచి వచ్చిన ఇంట్లో ఒకలా, కాకినాడ నుంచి వచ్చిన ఇంట్లో ఇంకోలా అనే మాటలున్నాయి. ఆ తేడా తెలియకుండా కొలిస్తే పిల్లకు వేగం లేదని కాగితం మీద పడుతుంది. అందుకని వాక్యాల కంటే ముందు తల్లులను, నాయనమ్మలను అడిగే ప్రశ్నలు రాసుకుంటున్నాను. మీ ఇంట్లో పాప పాలు తాగేదాన్ని ఏమంటారు? నిద్రపుచ్చేటప్పుడు దేన్ని చూపిస్తారు? పిల్లిని, కుక్కను, కాకిని మీ ఇంట్లో పాపతో ఎలా పిలిపిస్తారు? పగలు పాపతో ఎవరుంటారు, వాళ్లది ఏ ఊరు?